నిరుటి అంకె మీద పది శాతం: ఐటీ విభాగాల బడ్జెట్ పద్ధతులపై ప్రసంగం

సభాధ్యక్షులకు, ఆర్థిక విభాగాల నుంచీ ఐటీ విభాగాల నుంచీ వచ్చిన మిత్రులకు నమస్కారం. ఈ రెండు విభాగాలవారూ ఒకే గదిలో కూర్చునేది సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లోనే, అదీ కోతల గురించి వాదించుకోవడానికే. ఆ ఒత్తిడి లేని సమయంలో ఈ విషయం మాట్లాడుకునే అవకాశం కల్పించినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. నేను వృత్తిరీత్యా కోత పెట్టే వైపు కూర్చున్నవాణ్ణి. నా మాటల్లో ఆ పక్షపాతం తొంగిచూస్తే ఐటీ మిత్రులు మన్నించాలి.

ఐటీ విభాగానికి ఏటా డబ్బు కేటాయించే పద్ధతులు చాలాకాలం కిందటే స్థిరపడ్డాయి. నిరుటి ఖర్చుకు కొంత శాతం కలపడం, సంస్థ రాబడిలో ఇంత వాటా అని నిర్ణయించడం, ప్రతి పద్దునూ సున్నా నుంచి సమర్థించుకోమనడం, ప్రాజెక్టుల వారీగా మంజూరు చేయడం, వాడుకున్న విభాగాల నుంచే వసూలు చేయడం: పేర్లు ఏమైనా ఆచరణలో కనబడేవి ఇవే, చాలా చోట్ల వీటి కలగలుపే. వీటిలో ఏది మంచిది అన్న చర్చకు దిగేముందు ఒక సంగతి గుర్తించాలి. ఐటీ బడ్జెట్‌లో అధిక భాగం ఈ ఏడాది తీసుకునే నిర్ణయం కాదు. నాలుగేళ్ళ కిందటో పదేళ్ళ కిందటో ఎవరో తీసుకున్న నిర్ణయాలకు ఈ ఏడాది కట్టవలసిన బాకీ. కనుక ప్రతి పద్ధతినీ నేను ఒకే ప్రశ్న అడుగుతాను: అది ఈ బాకీని చూపిస్తుందా, దాచిపెడుతుందా?

ఈ బాకీ ఎంత పెద్దదో అమెరికా సమాఖ్య ప్రభుత్వ లెక్కల్లో స్పష్టంగా కనబడుతుంది. జీఏఓ అని పిలిచే ఆ దేశపు ప్రభుత్వ తనిఖీ సంస్థ కొన్నేళ్ళుగా చెబుతూ వస్తున్నదాని ప్రకారం, ఏటా 10,000 కోట్ల డాలర్లకు పైబడిన ఐటీ వ్యయంలో దాదాపు 80 శాతం ఇప్పటికే ఉన్న వ్యవస్థలను నడపడానికీ నిర్వహించడానికే పోతోంది. అణ్వాయుధ బలగాల కార్యకలాపాలను సమన్వయపరచే ఒక రక్షణ శాఖ వ్యవస్థ అప్పటికీ 8 అంగుళాల ఫ్లాపీలను వాడుతోందనీ, పన్నుల శాఖ మూల రికార్డులు అర్ధశతాబ్దం దాటిన ప్రోగ్రాముల మీద నడుస్తున్నాయనీ అదే సంస్థ 2016లో బయటపెట్టింది. అమెరికా దగ్గర డబ్బు లేదని ఎవరూ అనరు. కేటాయింపు ఏడాదికి ఒకసారి, ఏడాది కోసమే జరిగినప్పుడు, పాతదాన్ని మరో ఏడు నడపడానికి కావలసిన చిన్న మొత్తం తేలికగా దొరుకుతుంది. దాన్ని తీసివేసి కొత్తది పెట్టడానికి కావలసిన రెండు మూడేళ్ళ డబ్బు మాత్రం ఎప్పుడూ ఒకచోట దొరకదు. చివరికి 2017 డిసెంబరులో ప్రత్యేకంగా చట్టం చేసి, పాత వ్యవస్థల మార్పిడి కోసం ఒక కేంద్ర నిధిని ఏర్పాటు చేయవలసి వచ్చింది. శాఖలు తాము మిగుల్చుకున్న ఐటీ డబ్బును ఆ పనికే దాచుకునే వీలు కూడా ఆ చట్టమే కల్పించింది.

ఇక మన దగ్గర అందరికీ పరిచయమైన పద్ధతికి వద్దాం. ఆర్థిక విభాగం నుంచి ఒక సర్క్యులర్ వస్తుంది. దానితో జతపరచిన పట్టికలో నిరుటి వాస్తవ వ్యయం, ఈ ఏటి అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏటి ప్రతిపాదన అని నాలుగు గడులుంటాయి. మొదటి మూడు గడులు ముందే నిండి ఉంటాయి కనుక, నాలుగో గడిలో ఎనిమిది శాతమో పది శాతమో కలిపి రాయడమే పని. ఈ పద్ధతిని నేను పూర్తిగా తీసిపారేయను. ఇది త్వరగా ముగుస్తుంది, తగవులు తక్కువ, వచ్చే ఏడాది ఎంత దొరుకుతుందో విభాగానికి ముందే తెలుస్తుంది. జీతాలు, ఇంటర్నెట్ అద్దె, నెట్‌వర్క్ లైన్ల ఖర్చు వంటి నిదానంగా కదిలే పద్దులకు ఇది చాలు.

చిక్కేమిటంటే ఐటీ ఖర్చు ఏటవాలుగా పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌ల వంటి వాటికి మూడేళ్ళు, సర్వర్లకూ నెట్‌వర్క్ పరికరాలకూ ఆరేళ్ళు ఆయుష్షుగా పేర్కొంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఇంటి నుంచి పని చేయించడానికి ఒకేసారి వందల ల్యాప్‌టాప్‌లు కొన్న సంస్థకు, ఆ ఆయుష్షు ప్రకారం 2023లో ఒక పెద్ద మెట్టు రావాలి. నిరుటి అంకె మీద పది శాతం కలిపే పట్టికలో ఆ మెట్టు కనబడదు, ఎందుకంటే 2022 అంకెలో ల్యాప్‌టాప్‌లు లేవు. తిరగేసి చూసినా ఇదే సంగతి: 2020 అంకెలోని ఒక్కసారి ఖర్చు 2021 ప్రతిపాదనకు పునాదిగా కూర్చుని, అవసరం తీరిపోయిన తరువాత కూడా కేటాయింపుగా కొనసాగుతుంది. ఇక్కడ మా అకౌంటెంట్ల మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. ఆస్తి విలువ అరిగిన మేరకు మేము ఏటా తరుగుదల రాస్తాం. ఆదాయపు పన్ను లెక్కలోనైతే కంప్యూటర్లకు 40 శాతం చొప్పున రాస్తాం. ఆ రాత పుస్తకంలోనే ఉంటుంది. ఆరో ఏడు సర్వర్ మార్చవలసి వచ్చినప్పుడు అందుకు సరిపడా డబ్బును ఎవరైనా పక్కన పెట్టారా అంటే, పెట్టలేదు.

మెట్టు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం వల్ల ఇలా జరుగుతోందని అనుకోవడానికి వీల్లేదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిచేసి ఇవ్వడం, 2014 ఏప్రిల్ 8న ముగిసింది, ఆ తేదీని ఆ సంస్థ ఏళ్ళకు ముందే ప్రకటించింది. మన దేశంలో ఏటీఎంలు చాలావరకు ఆ ఎక్స్‌పీ మీదే నడిచేవి. నాలుగేళ్ళు గడిచాక కూడా అవి అలాగే ఉండిపోవడంతో 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ జారీ చేసి, 2019 జూన్ కల్లా ఏటీఎంలన్నీ మద్దతు ఉన్న వ్యవస్థలకు మారిపోవాలని దశలవారీగా గడువులు పెట్టవలసి వచ్చింది. తేదీ అందరికీ తెలుసు, ప్రమాదమూ తెలుసు. నిరుటి అంకెలో లేని పద్దును కొత్తగా తెరవమని అడిగితే, యంత్రం పని చేస్తూనే ఉంది కదా అని వాయిదా వేశారని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ఇదే గడువు వచ్చింది. మీ సంస్థలో దానికి విడిగా పద్దు తెరిచారో, అత్యవసర కొనుగోలు అని ఫైలు నడిపారో మీకే తెలియాలి.

ఈ పద్ధతికి తోబుట్టువు మార్చి నెల. వాడని డబ్బు మార్చి 31తో మురిగిపోతుంది; మురిగిపోతే వచ్చే ఏటి పునాది తగ్గిపోతుంది. 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 62వ నియమం ఏడాది చివరి నెలల్లో ఖర్చుల హడావుడిని ఆర్థిక ఔచిత్య భంగంగా పరిగణించాలని అంటుంది. కేంద్ర ఆర్థిక శాఖ చివరి త్రైమాసికంలో 33 శాతానికి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించరాదని పరిమితులు కూడా పెట్టింది. ప్రైవేటు సంస్థలలో ఈ నియమం లేకపోయినా అలవాటు మాత్రం ఉంది. ఐటీ విషయంలో ఈ హడావుడి చేసే నష్టం కాస్త ప్రత్యేకమైనది. మార్చిలో చప్పున కొనగలిగేవి పెట్టెల్లో వచ్చే పరికరాలు, కాగితం మీద వచ్చే లైసెన్సులు. శిక్షణ, డేటా శుభ్రపరచడం, పాత రికార్డుల బదిలీ వంటి పనులను ఒక్క నెలలో కొనలేం. మార్చి 28న కొన్న ఏడాది లైసెన్సుకు కాలం ఆ రోజు నుంచే మొదలవుతుంది. దాన్ని అమలు చేసే టెండరు ఖరారై అక్టోబరులో పని మొదలైతే, అప్పటికే ఆరు నెలల లైసెన్సు ఎవరూ వాడకుండా కరిగిపోయి ఉంటుంది. ఆడిట్‌లో ఇది తప్పుగా కనబడదు, డబ్బు సకాలంలో ఖర్చయినట్టే కనబడుతుంది.

రాబడిలో శాతం అనే పద్ధతి చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది. పరిశోధన సంస్థలు రంగాల వారీగా సగటులు ప్రచురిస్తాయి కనుక, మన రంగంలో ఇంత ఖర్చు పెడుతున్నారు, మనం అంతకంటే తక్కువ పెడుతున్నాం అని బోర్డు ముందు చెప్పడానికి వీలుగా ఉంటుంది. ప్రభుత్వంలో కూడా ఈ ఆలోచన కొత్తది కాదు. 1998లో కేంద్రం నియమించిన జాతీయ ఐటీ టాస్క్‌ఫోర్సు, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సహాధ్యక్షులుగా ఉన్నది, ప్రతి మంత్రిత్వ శాఖా తన బడ్జెట్‌లో ఒకటి నుంచి మూడు శాతం ఐటీకి ప్రత్యేకించాలని సిఫారసు చేసింది. ఏమీ లేని కాలంలో ఆ సిఫారసుకు అర్థం ఉంది. ఐటీ పద్దే లేని శాఖల చేత కనీసం ఒక పద్దు తెరిపించడం దాని ప్రయోజనం. అలవాటు లేని చోట మొదటి అడుగు వేయించడానికి శాతం పనికివస్తుందని నేను ఒప్పుకుంటాను.

ఆ తరువాతి ప్రయాణానికి మాత్రం అది దారి చూపదు. సిమెంటు కర్మాగారం రాబడికీ బ్యాంకు రాబడికీ పోలిక లేదు సరే. ఒకే రంగంలోని రెండు సంస్థలలో కూడా ఐటీ ఖర్చు అంటే ఏమిటో ఒకేలా లెక్కించరు. ఒకచోట సీసీ కెమెరాలు, ఫోన్ బిల్లులు, శాఖల్లోని ప్రింటర్ల టోనరు ఐటీలో చేరుతాయి, మరోచోట పరిపాలన విభాగంలో చేరుతాయి. అంతకన్నా ముఖ్యం, రాబడి తగ్గితే బాకీ తగ్గదు. 2020–21లో రాబడులు పడిపోయిన సంస్థలకే ల్యాప్‌టాప్‌లు, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేరడానికి వీపీఎన్, ఆన్‌లైన్ సమావేశాల లైసెన్సులు అదనంగా కావలసి వచ్చాయి. శాతం సూత్రాన్ని అక్షరాలా పాటించి ఉంటే ఆ ఏడాది అవి మూతపడేవే. రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో జారీ చేసి 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ఐటీ పాలన ఆదేశాలలో శాతం ఏదీ పెట్టలేదు. సంస్థ ఐటీ పరిణతికీ, డిజిటల్ వాడకపు లోతుకూ, ఎదురయ్యే ముప్పులకూ తగినట్టు కేటాయింపులు ఉండేలా బోర్డు స్థాయి ఐటీ వ్యూహ కమిటీ చూడాలని మాత్రమే అంది. అంకె ఇవ్వకుండా బాధ్యత ఇవ్వడం సరైన పద్ధతి అని నా అభిప్రాయం, పాటించవలసినవారికి అది కష్టమైనా సరే.

సున్నా ఆధారిత బడ్జెట్ గురించి ఎక్కువ సమయం తీసుకోను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పీటర్ పైర్ 1960ల చివర్లో రూపొందించిన ఈ పద్ధతిని జార్జియా గవర్నరుగా ఉన్నప్పుడు జిమ్మీ కార్టర్ తన రాష్ట్రంలో ప్రవేశపెట్టారు. అధ్యక్షుడయ్యాక 1977లో సమాఖ్య ప్రభుత్వమంతటికీ విస్తరించారు. 1981లో రీగన్ ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. మన దేశంలో మహారాష్ట్ర 1986లో దీన్ని చేపట్టింది. ప్రతి పనినీ నిర్ణయ పొట్లంగా రాసి, ఆ పని మానేస్తే ఏమవుతుంది, తక్కువ స్థాయిలో చేస్తే ఏమవుతుంది అని సమాధానాలు రాయించి, వాటిని వరుసలో పేర్చడం ఇందులోని పని. కాగితాల భారం వల్ల ఇది అన్నిచోట్లా నీరసించింది. ఖాతాలన్నిటినీ నడిపే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థను బ్యాంకు మానేస్తే ఏమవుతుందని ప్రతి ఏటా నివేదిక రాయించడం ఎవరికీ ఉపయోగం లేని శిక్ష. అయితే నాలుగైదేళ్ళకు ఒకసారి, కొన్ని పద్దులకు మాత్రమే దీన్ని వాడితే దొరికే ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. సంస్థ విడిచి వెళ్ళిపోయినవారి పేర్ల మీద నడుస్తున్న లైసెన్సులు, ఎవరూ వాడని అద్దె నెట్‌వర్క్ లైన్లు, ఒకే పని చేసే మూడు సాఫ్ట్‌వేర్లు ఇలాంటి తనిఖీలోనే బయటపడతాయి.

నాకు అసలు ఆసక్తి ఉన్నది ప్రాజెక్టు పద్ధతి మీద. బాకీలు పుట్టేది అక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి. ఒక మధ్యతరహా ఆసుపత్రి రోగుల రికార్డులకు కొత్త సాఫ్ట్‌వేర్ కొంటోంది. లైసెన్సు కోటి రూపాయలు, అమలు చేయడానికి 40 లక్షలు, సర్వర్లకు 35 లక్షలు. కమిటీ ముందుకు వచ్చే ఫైలులో 1.75 కోట్లు అని ఉంటుంది, చర్చ జరుగుతుంది, ఆమోదం దొరుకుతుంది. వైద్య సేవలు ప్రధానంగా జీఎస్టీ మినహాయింపులో ఉంటాయి కనుక ఆసుపత్రి తాను కట్టిన 18 శాతం పన్నును తిరిగి రాబట్టుకోలేదు. ఆ 31.5 లక్షలు కలిపితే కొనుగోలు ఖర్చు 2.06 కోట్లు దాటుతుంది. రెండో ఏడు నుంచి లైసెన్సు ధరలో 20 శాతం చొప్పున వార్షిక మద్దతు రుసుము, అంటే పన్నుతో కలిపి ఏటా 23.6 లక్షలు. ఆరో ఏడు ముగిసేసరికి అదొక్కటే 1.18 కోట్లు. దీన్ని చూసుకోవడానికి ఇద్దరు మనుషులు, ఇద్దరికీ కలిపి ఏటా 12 లక్షలు అనుకుంటే ఆరేళ్ళకు 72 లక్షలు. ఆ రెండూ కలిపి 1.9 కోట్లు. కమిటీ 1.75 కోట్లు ఆమోదించాననుకుంది, నిజానికి సుమారు నాలుగు కోట్లకు సంతకం చేసింది. వారంటీ ముగిశాక సర్వర్ల ఏఎంసీని (వార్షిక నిర్వహణ ఒప్పందపు రుసుమును), మద్దతు రుసుములో ఏటేటా పెరుగుదలను నేను ఇంకా కలపనే లేదు.

ఈ ఫైలులో శిక్షణకు పద్దు కూడా లేదని మీరు గమనించే ఉంటారు. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడినట్టు, కోట్లు పెట్టి వ్యవస్థను కొని, నర్సులకూ రికార్డు గుమాస్తాలకూ రెండు వారాల శిక్షణకు డబ్బు లేదంటారు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌లో సగం తెరలు తెరవకుండానే ఉండిపోతాయి, మద్దతు రుసుము మాత్రం మొత్తం మీద పడుతుంది.

మూలధన వ్యయం, అంటే ఆస్తులు కొనే డబ్బు, ఒక కమిటీ దగ్గర, రెవెన్యూ వ్యయం, అంటే ఏటా నడిపే ఖర్చు, మరో అధికారి దగ్గర ఉండటం వల్ల కొనుగోలు వెనక వచ్చే ఈ ఖర్చుల తోక కనబడకుండా పోతుంది. మొదటివారు కొనడం గురించి ఆలోచిస్తారు, రెండోవారికి వచ్చే ఏడాది బిల్లు మాత్రమే వస్తుంది. ఈ విభజన ఖర్చును దాచడంతో ఆగదు, ఏ సాంకేతికతను ఎంచుకోవాలో కూడా అదే నిర్ణయిస్తుంది. మూలధన నిధులు తేలికగా దొరికి నెలవారీ ఖర్చుల మీద కోత ఉన్న సంస్థ, క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే కంప్యూటర్లు) తనకు నప్పినా సర్వర్లే కొంటుంది. దీనికి తలకిందులుగా ఉన్న సంస్థ సొంత సర్వర్లు చవకైనా క్లౌడ్‌కే వెళుతుంది. క్లౌడ్‌లో చందా పద్ధతిన వాడుకునే సాఫ్ట్‌వేర్‌ను మన అవసరాలకు మలచుకోవడానికి పెట్టిన ఖర్చు చాలా సందర్భాలలో ఆస్తిగా చూపడానికి వీలుకాదని, దాన్ని ఖర్చుగానే రాయాలని అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల వ్యాఖ్యాన కమిటీ 2021లో తేల్చింది. అప్పటిదాకా ఆ మొత్తాలను మూలధనంలో చూపించుకున్న చాలా సంస్థల లాభనష్టాల లెక్క దానితో మారిపోయింది. ఐటీ అధికారులకు ఇది మాకు సంబంధం లేని విషయం అనిపించవచ్చు. మీ ప్రాజెక్టు ఏ పద్దు నుంచి రావాలో నిర్ణయించేది ఇదే.

చందాల యుగం ఇంకో పని కూడా చేసింది. పూర్వం లైసెన్సు ఒకసారి కొంటే, మద్దతు రుసుము కట్టడం ఆపేసినా పాత రూపం మన దగ్గర ఉండేది, కష్టకాలంలో ఒక ఏడాది ఓపిక పట్టగలిగేవాళ్ళం. చందా ఆపితే మర్నాడే తెర మూసుకుంటుంది. సర్వర్ సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎమ్‌వేర్‌ను చిప్‌ల కంపెనీ బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొని, డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందాలకు మార్చింది. అప్పటికే వచ్చే ఏటి బడ్జెట్ ప్రతిపాదనలు పంపేసిన సంస్థలకు ఆ పద్దు తలకిందులైంది. దీనికి డాలరు తోడు. 2014లో 60 రూపాయల చుట్టూ ఉన్న డాలరు 2024 డిసెంబరులో 85 దాటింది. క్లౌడ్ బిల్లు రూపాయల్లో వచ్చినా ధరల మూలం చాలావరకు డాలర్లలోనే ఉంటుంది. ఏ రేటున లెక్కించారో ప్రతిపాదనలో ఒక వాక్యం రాసి ఉంచితే, ఏడాది మధ్యలో అదనపు నిధులు అడిగేటప్పుడు అది ఐటీ విభాగపు దుబారా కాదని చూపించడం సులభమవుతుంది. నేను చూసిన ప్రతిపాదనల్లో ఆ వాక్యం అరుదు.

వాడుకున్నవారి నుంచి వసూలు చేసే పద్ధతి పెద్ద కంప్యూటర్ల కాలం నాటిది. యంత్రం ఒక్కటే, దాని సమయం ఖరీదైనది, కనుక ఎవరు ఎంతసేపు వాడారో లెక్క పెట్టేవారు. సంస్థల కంప్యూటర్ బడ్జెట్‌ను ఏళ్ళ వెంట గీతగా గీస్తే అది ఇంగ్లీషు ఎస్ అక్షరంలా మొదట నిదానంగా, తరువాత నిటారుగా లేచి, అదుపు మొదలయ్యాక వంగుతుందని హార్వర్డ్ ఆచార్యుడు రిచర్డ్ నోలన్ 1970లలో గుర్తించారు. ఆ అదుపు దశలో పుట్టే సాధనాలలో ఈ వసూలు ఒకటి. ఇది ఖర్చును వాడేవారి కళ్ళకు కట్టిస్తుంది, అదే దీని బలం. తలకు ఇంత అని పంచితే ఎవరి ప్రవర్తనా మారదు. వాడకాన్ని బట్టి పంచితే మారుతుంది, కానీ తమకు నచ్చిన చవక సాఫ్ట్‌వేర్‌ను విభాగాలు సొంతంగా, ఐటీకి తెలియకుండా కొనుక్కోవడం కూడా అక్కడే మొదలవుతుంది. అందుకే చాలా సంస్థలు వసూలు చేయకుండా లెక్క మాత్రమే చూపించే దగ్గర ఆగిపోతాయి, అది తెలివైన రాజీ. 2001లో హైదరాబాదులో మొదలైన ఈ-సేవ కేంద్రాలలో ప్రైవేటు భాగస్వామి పెట్టుబడి పెట్టి, లావాదేవీకి ఇంత అని తీసుకునే ఏర్పాటు ఉండేది. ఖర్చును వాడకంతో కట్టివేయడం ప్రభుత్వంలో కూడా సాధ్యమేనని అది చూపించింది. అలాంటి ఒప్పందాల్లో ముగింపు రోజున డేటా, సాఫ్ట్‌వేర్ ఎవరివి, అప్పగింత ఖర్చు ఎవరిది అన్నది మొదటి రోజే రాసుకోవాలి. రాసుకోకపోతే అది కూడా బాకీల ఖాతాలో చేరుతుంది.

పాత పద్ధతులన్నీ ఒకేసారి చేతులెత్తేసే పద్దు భద్రత. సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలను చూడండి. సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలియజేయాలి, అన్ని వ్యవస్థల లాగ్‌లను (ఎప్పుడు ఏం జరిగిందో వ్యవస్థ తానే రాసుకునే నమోదులను) 180 రోజులు భద్రపరచాలి. తేదీ గమనించారా? కొత్త ఆర్థిక సంవత్సరం మొదలై నెల కూడా నిండలేదు, కేటాయింపులు ఖరారైపోయాయి, నిరుటి అంకెలో ఈ పద్దు లేదు. ఆరు నెలల లాగ్‌లకు నిల్వ స్థలం కావాలి, వాటిని చూసే మనుషులు కావాలి, ఆరు గంటల్లో చెప్పాలంటే రాత్రి షిఫ్టు కావాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది కనుక ఇలాంటి పద్దులు ఇంకా పెరుగుతాయి. వీటిని సున్నా నుంచి సమర్థించడం కష్టం, ఎందుకంటే జరగని దాడి విలువను ఎవరూ లెక్కించలేరు. రాబడి శాతంతో ముడిపెట్టడం అర్థరహితం, ఎందుకంటే చిన్న సహకార బ్యాంకు మీద దాడి చేసేవాడు దాని రాబడి చూసి జాలిపడడు.

బడ్జెట్లనే మానేయాలని వాదించేవారు కూడా ఉన్నారు. స్వీడన్‌లోని హాండెల్స్‌బాంకెన్ 1970ల మొదట్లోనే వార్షిక బడ్జెట్‌ను వదిలేసి బాగానే నడిచింది. పెన్ను కొనడానికి కూడా మంజూరు కావలసిన మనకు ఆ చర్చ ప్రస్తుతానికి విలాసం.

ఆచరణలో నేను సూచించేది ఒక రిజిస్టరు. కొత్త సాఫ్ట్‌వేర్ అవసరం లేదు, ఎక్సెల్ పట్టిక చాలు. సంస్థ పేరు మీద ఉన్న ప్రతి ఒప్పందం, ప్రతి చందా, ప్రతి సర్వర్, ప్రతి ఏఎంసీ ఒక్కో వరుస. అది ఎప్పుడు ముగుస్తుంది, ముగింపుకు ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ధర పెంపు షరతు ఏమిటి, డాలరుతో ముడిపడి ఉందా, ఎవరు వాడుతున్నారు, దాన్ని తీసేయాలంటే ఎంత ఖర్చవుతుంది అన్నవి గడులు. చివరి గడిని నింపడం కష్టం, అందరూ ఖాళీగా వదిలేసేది కూడా అదే. ఈ రిజిస్టరు తయారయ్యాక వచ్చే ఐదేళ్ళ బాకీ తేదీలతో సహా బయటపడుతుంది. కట్టక తప్పని చెల్లింపులకు నిరుటి అంకె పద్ధతి వాడండి, అయితే పది శాతం అని ఊహించి కాదు, ఒప్పందంలో ఉన్న పెంపు ప్రకారం. ఆయుష్షు తీరిన పరికరాల మార్పిడికి పరికరాల వయసే లెక్క, దానికి శాతాలతో పని లేదు. కొత్త ప్రాజెక్టులను మాత్రం సున్నా నుంచి సమర్థించమనండి, ఆరేళ్ళ మొత్తం ఖర్చు రాయని ఫైలును కమిటీకి పంపకండి. రాబడి శాతాన్ని చివర్లో ఒకసారి, బోర్డు అడిగితే చెప్పడానికి చూసుకోండి.

ప్రైవేటు సంస్థలు మార్పిడి కోసం ఏటా కొంత డబ్బును నిజంగానే పక్కన పెట్టగలవు. ప్రభుత్వ శాఖలకు మార్చి 31 అడ్డం వస్తుంది కనుక, టెండరులోనే ఐదేళ్ళ నిర్వహణను కలిపి ధర అడగడం, మంజూరు ఉత్తర్వులోనే ఏ ఏడాదికి ఎంత అన్నది రాయించుకోవడం వారికి ఉన్న దారి. ఉత్తర్వులో అంకె ఉంటే మూడో ఏడు వచ్చే అధికారి దాన్ని కొత్త కోరికగా చూడలేడు.

ఇక పని ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది. సర్క్యులర్ వచ్చాక డిసెంబరులో మొదలుపెడితే రిజిస్టరు నింపడానికి సమయం చాలదు, మళ్ళీ పాత పట్టికే గతి. ఆగస్టులో ఐటీ విభాగం ఒప్పందాల వరుసలు రాయాలి, సెప్టెంబరులో ఆర్థిక విభాగం వాటిని గత రెండేళ్ళ చెల్లింపు వోచర్లతో సరిచూడాలి. వోచరు ఉండి రిజిస్టరులో లేని చందాలు కొన్ని తప్పకుండా దొరుకుతాయి. వాటిలో చాలావరకు వాటంతట అవే రెన్యువల్ అయ్యేవి, ఎవరో ఒక అధికారి క్రెడిట్ కార్డు మీద మొదలైనవి. ఏప్రిల్ ఒకటిన రెన్యువల్ అయ్యే ఒప్పందానికి తొంభై రోజుల నోటీసు షరతు ఉంటే, దాన్ని వద్దనుకునే అవకాశం డిసెంబరు చివరి వారంతో ముగిసిపోతుంది, అంటే బడ్జెట్ సమావేశం జరిగే సమయానికి చాలాచోట్ల ఆ గడువు దాటిపోయే ఉంటుంది. అందువల్ల ఆ షరతు ఉన్న వరుసలను అక్టోబరులోనే విడిగా తీసి, రెండు విభాగాల అధిపతులూ కలిసి ఒక్కొక్కదాని మీద ఉంచుదామా, తీసేద్దామా అని రాసి సంతకం చేయాలి. ఇక మీ ప్రశ్నలు వింటాను.